2, 3, 5, 8 తర్వాత 12 ఎందుకు కాదు? నంబర్ సిరీస్‌లో రూల్‌ని ఎప్పుడు నమ్మాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వర్గాలు, ఘనాలు, ప్రధాన సంఖ్యలు అన్నీ నోటికి వచ్చినా, సిరీస్ కళ్ల ముందు పెట్టేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తట్టడం లేదు. పైగా 2, 3, 5, 8 తర్వాత 12 అని మీరు పెడితే, ఆన్సర్ కీలో 13 ఉంది. మీ లాజిక్‌లో తప్పేమిటని.

రెండో దాంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది.

మీ లాజిక్‌లో తప్పు లేదు. తేడాలు 1, 2, 3 కాబట్టి తర్వాత 4, అంటే 12. కీ ప్రకారం ముందున్న రెండు పదాలు కలిపితే తర్వాతది, అంటే 5 + 8 = 13. ఇచ్చిన నాలుగు పదాలకూ రెండు రూల్సూ అతుకుతాయి. ఐదో పదం కూడా ఇచ్చి ఆరోది అడిగి ఉంటే ఈ పేచీ ఉండేది కాదు. ప్రశ్న తయారుచేసినవాళ్లు పదాలు తక్కువిచ్చారు.

నిజానికి ఏ సిరీస్‌కైనా ఏ సంఖ్యనైనా తర్వాతి పదంగా చూపించొచ్చు. 1, 3, 5, 7 తీసుకోండి. రూల్: 2 × స్థానం − 1. దీనికి (స్థానం − 1) × (స్థానం − 2) × (స్థానం − 3) × (స్థానం − 4) అనే ముక్క కలపండి. మొదటి నాలుగు స్థానాల్లో ఏదో ఒక బ్రాకెట్ సున్నా అవుతుంది కాబట్టి ఆ ముక్క మొత్తం సున్నాయే, పదాలు మారవు. ఐదో స్థానంలో మాత్రం అది 4 × 3 × 2 × 1 = 24. అప్పుడు సిరీస్ 1, 3, 5, 7, 33. లెక్క తప్పు కాదు, కానీ ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి "ఇచ్చిన పదాలకు సరిపోయింది" అన్నంత మాత్రాన రూల్ నిలబడదు. ఇంకో కొలత కావాలి.

ఆ కొలత లెక్కపెట్టడమే. రూల్‌ని కట్టడానికి ఎన్ని పదాలు ఖర్చయ్యాయి, ఎన్ని మిగిలాయి అని చూడాలి. మిగిలినవే సాక్షులు. తేడా స్థిరంగా ఉండే సిరీస్‌కి మొదటి పదం, తేడా కావాలి, అంటే రెండు పదాలు ఖర్చు. తేడాల తేడా స్థిరమైతే మూడు ఖర్చు. మూడో వరుస తేడా స్థిరమైతే నాలుగు. "ఇంతతో గుణించి ఇంత కలుపు" అనే రూల్‌కి మొదటి పదం, గుణకం, కలిపేది, మొత్తం మూడు. మీ 12లో మూడు పదాలు ఖర్చయి ఒక్క సాక్షి మిగిలింది. 13లో 2, 3 మాత్రమే ఖర్చు, 5, 8 రెండూ సాక్షులు. అందుకే 13 కొంచెం బలంగా ఉంది. కొంచెమే.

ఈ లెక్క ఎంత పనికొస్తుందో ఈ సిరీస్‌లో చూడండి: 15, 35, 77, 143, ?

అలవాటు ప్రకారం తేడాలు తీస్తే 20, 42, 66. వాటి తేడాలు 22, 24. ఆహా, 2 చొప్పున పెరుగుతోంది, తర్వాత 26, ఆపైన 92, జవాబు 235! చూడ్డానికి చక్కగా ఉంది. కానీ 22, 24 తర్వాత 26 అనుకోవడానికి నాలుగు పదాలూ ఖర్చయిపోయాయి. సాక్షి ఒక్కటీ లేదు. ఏ నాలుగు సంఖ్యలు రాసినా తేడాల పట్టిక చివర ఒకే ఒక్క అంకె మిగులుతుంది, ఆ ఒక్క అంకెని చూసి "స్థిరం" అనడానికి వీల్లేదు. ఇప్పుడు వాటినే కారణాంకాలుగా విడదీయండి: 3×5, 5×7, 7×11, 11×13. వరుస ప్రధాన సంఖ్యల లబ్ధాలు. ఎక్కడ మొదలైందో చెప్పడానికి మొదటి పదం చాలు, మిగతా మూడూ సాక్షులే. జవాబు 13 × 17 = 221. ఆప్షన్లలో 221, 235 రెండూ పెట్టడం ప్రశ్న తయారుచేసేవాళ్లకు కష్టమేం కాదు.

ఇక మొదలుపెట్టడం ఎక్కడ అంటే, తేడాలు తీయకముందే సిరీస్ ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. ప్రతి పదాన్నీ దాని ముందు పదంతో ఉజ్జాయింపుగా భాగించండి, మనసులోనే. 1, 4, 9, 16, 25 అయితే 4, 2.25, 1.78, 1.56, అంటే నిష్పత్తి తగ్గుతూ 1 వైపు జారుతోంది. ఇలా ఉంటే వర్గాలు, ఘనాలు, వాటి బంధువులు. అక్కడ తేడాల పట్టిక పనిచేస్తుంది. నిష్పత్తి ఒకచోట నిలిచిపోతే గుణకం ఉంది. 1.6 దగ్గర నిలిస్తే ముందు రెండూ కలిపే రకమేమో చూడాలి: 8/5 = 1.6, 13/8 = 1.625, 21/13 = 1.615, ఇలా 1.618 చుట్టూ తిరుగుతుంది. నిష్పత్తి పెరుగుతూ పోతే గుణకమే మారుతోంది, అంటే ఫ్యాక్టోరియల్ (1×2×3×4 అలా గుణించుకుంటూ పోయే) జాతి. పైకీ కిందకీ ఊగుతుంటే రెండు సిరీస్‌లు అల్లి ఉండొచ్చు.

భాగించేటప్పుడు కుడి చివర నుంచి మొదలుపెట్టండి. చాలామంది మొదటి రెండు పదాలు పట్టుకుని కూర్చుంటారు, చిక్కంతా అక్కడే. 4, 5, 12, 39, 160 చూడండి. ఎడమవైపు 4 నుంచి 5కి రావడానికి ఎన్ని దారులైనా ఉన్నాయి: 1 కలపొచ్చు, 2తో గుణించి 3 తీయొచ్చు, 3తో గుణించి 7 తీయొచ్చు. కుడివైపు 160ని 39తో భాగిస్తే 4.1. సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ కలిపే చిన్న మొత్తం ప్రభావం తగ్గి గుణకం బయటపడుతుంది. 160 = 39×4 + 4. వెనక్కి వస్తే 39 = 12×3 + 3, 12 = 5×2 + 2, 5 = 4×1 + 1. తర్వాతది 160×5 + 5 = 805.

గుణకం, కలిపేది రెండూ స్థిరమైతే ఇంకో సులువు ఉంది. 7, 11, 19, 35, 67 తేడాలు 4, 8, 16, 32. కలిపే సంఖ్య తేడాల్లో కొట్టేసుకుపోతుంది కాబట్టి తేడాల నిష్పత్తే గుణకం, ఇక్కడ 2. తర్వాత 11 − 7×2 = −3. రూల్ "రెట్టింపు చేసి 3 తీయి". 19×2 − 3 = 35, 35×2 − 3 = 67, ఇద్దరు సాక్షులూ ఒప్పుకున్నారు. జవాబు 131.

గుణకం అరల్లో మారే రకం పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది: 16, 8, 8, 12, 24, 60. మొదట తగ్గి, కాసేపు ఆగి, తర్వాత పరుగెత్తుతోందంటే ×0.5, ×1, ×1.5, ×2, ×2.5 అని అనుమానించాలి. తర్వాత ×3, అంటే 180. ఈ ఆకారం ఒకసారి గుర్తుపడితే మళ్లీ మర్చిపోరు.

తేడాల పట్టిక గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ వాడతారు కానీ ఎక్కడ ఆపాలో చూసుకోరు. 4, 9, 18, 31, 48 తీసుకుందాం. తేడాలు 5, 9, 13, 17. వాటి తేడాలు 4, 4, 4. రెండో వరుస స్థిరం కాబట్టి రూల్‌లో స్థానం వర్గం ఉంటుంది, దాని గుణకం ఆ స్థిర సంఖ్యలో సగం, అంటే 2. ఇప్పుడు ప్రతి పదం నుంచి 2 × స్థానం² తీసేయండి: 4−2, 9−8, 18−18, 31−32, 48−50, అంటే 2, 1, 0, −1, −2. ఇది 3 − స్థానం. మొత్తం రూల్ 2 × స్థానం² − స్థానం + 3. యాభయ్యో పదం అడిగితే 5000 − 50 + 3 = 4953, యాభై పదాలు రాయక్కర్లేదు. మూడో వరుస స్థిరమైతే ఘనం వస్తుంది, దాని గుణకం స్థిర సంఖ్యలో ఆరో వంతు.

అదే పట్టికని 2, 4, 8, 16, 32 మీద వేస్తే తేడాలు మళ్లీ 2, 4, 8, 16. ఎన్నిసార్లు తీసినా తగ్గవు. ముందు రెండూ కలిపే సిరీస్‌లోనూ అంతే, తేడాల వరుసలో ఆ సిరీసే మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి తేడాల్లో అసలు సిరీస్ తొంగిచూస్తే అక్కడితో ఆపేసి గుణకం వైపో, కూడిక వైపో వెళ్లండి. ఆరేడు పదాల సిరీస్‌లో మూడో వరుస దాటి కిందకి దిగడం దండగ, అక్కడికి సాక్షులు అయిపోతారు.

ముందు రెండూ కలిపే సిరీస్ మనకు ఛందస్సులోనే ఉంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఇన్ని మాత్రలకు ఎన్ని అమరికలు అని లెక్కవేస్తే, చివర లఘువు ఉన్నవి ఒక మాత్ర తక్కువ అమరికలు, గురువు ఉన్నవి రెండు మాత్రలు తక్కువ అమరికలు. రెండూ కలిపితే మొత్తం: 1, 2, 3, 5, 8, 13. పన్నెండో శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు ఈ లెక్క రాశాడు, ఇటలీ గణితవేత్త ఫిబొనాచి 1202లో కుందేళ్ల లెక్క రాయడానికి ముందే. ఇలా కారణం తెలిసిన సిరీస్‌లో 8 తర్వాత 12నా 13నా అనే అనుమానమే రాదు.

కారణాంకాల దారి తేడాలు మొండికేసినప్పుడు తీయాలి. 6, 24, 60, 120, 210 అంటే 1×2×3, 2×3×4, 3×4×5, 4×5×6, 5×6×7. 2, 6, 12, 20, 30 అంటే 1×2, 2×3, 3×4 అలా. వర్గానికో ఘనానికో ఒకటి రెండు అటూఇటూగా ఉన్నవి చూడగానే తెలియాలి: 0, 7, 26, 63, 124 ఘనాలకు ఒకటి తక్కువ, తర్వాత 215. దీనికి 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, 100 లోపు 25 ప్రధాన సంఖ్యలు, 7 ఫ్యాక్టోరియల్ 5040 వరకు వస్తే చాలు. అంతకుమించి బట్టీ పట్టిన సమయాన్ని సొంతంగా సిరీస్‌లు కట్టడానికి వాడితే ఎక్కువ ఉపయోగం. మీరే ఒక రూల్ రాసి ఆరు పదాలు తీసి, వారం తర్వాత రూల్ చూడకుండా విప్పండి.

అల్లిన సిరీస్‌లలో ఒక జాగ్రత్త. 10, 12, 9, 13, 8, 14 చూడండి. తేడాలు +2, −3, +4, −5, +6, తర్వాత −7, జవాబు 7. రెండు సిరీస్‌లుగా విడదీస్తే 10, 9, 8 ఒకటి, 12, 13, 14 ఇంకోటి, తర్వాతది మళ్లీ 7. రెండు దారులూ ఒకటే చెప్పినప్పుడు నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. కానీ రెండు సిరీస్‌లుగా విడదీస్తే ఖర్చు రెట్టింపవుతుందని మర్చిపోకండి. తేడా స్థిరంగా ఉన్న రెండు సిరీస్‌లకే నాలుగు పదాలు పోతాయి. మొత్తం ఇచ్చింది ఐదు పదాలైతే సాక్షి ఒక్కటే. ఏడెనిమిది పదాలు ఇచ్చారంటే అల్లిక ఉందనడానికి అదే మంచి సూచన, మామూలు సిరీస్‌కి అన్ని పదాలు ఇవ్వాల్సిన అవసరం ఉండదు.

తేడాలు చిన్నవిగా, అడ్డదిడ్డంగా ఉంటే అంకెలు చూడండి. 23, 28, 38, 49, 62, 70, 77 తేడాలు 5, 10, 11, 13, 8, 7. ఇందులో క్రమం లేదు. కానీ 2+3 = 5, 2+8 = 10, 3+8 = 11. ప్రతి పదానికీ దాని అంకెల మొత్తం కలుపుతున్నారు, తర్వాతది 77 + 14 = 91. దీన్ని పట్టే గుట్టు ఒకటుంది. ఏ సంఖ్యనైనా, దాని అంకెల మొత్తాన్నైనా 9తో భాగిస్తే శేషం ఒకటే. కాబట్టి ఈ రకం సిరీస్‌లో 9తో భాగించిన శేషాలు అడుగడుగునా రెట్టింపవుతాయి, 9 దాటితే 9 తీసేసి: 5, 1, 2, 4, 8, 7, 5.

అంకెల రకంలోనే 1, 11, 21, 1211, 111221 కూడా వస్తుంది. ఇందులో కూడికలు, గుణకారాలు ఏమీ లేవు, ముందు పదాన్ని పైకి చదవడమే: "ఒక 1" అంటే 11, "రెండు 1లు" అంటే 21, "ఒక 2, ఒక 1" అంటే 1211. తర్వాతది 312211. 1తో మొదలైతే ఎంతదూరం వెళ్లినా ఇందులో 4 అనే అంకె రాదు. పదాల పొడవు దీర్ఘకాలంలో సుమారు 1.3036 రెట్లు చొప్పున పెరుగుతుందని గణితవేత్త జాన్ కాన్వే నిరూపించాడు.

"తప్పు పదం ఏది" అనే ప్రశ్నలకు తేడాల పట్టిక కంటే మంచి పనిముట్టు లేదు. 2, 5, 10, 18, 26, 37, 50. తేడాలు 3, 5, 8, 8, 11, 13. వాటి తేడాలు 2, 3, 0, 3, 2. చివర్లలో 2 ఉంది కాబట్టి అసలు స్థిరం 2 అనుకుంటే, దాని నుంచి జరిగినవి 0, +1, −2, +1, 0. ఒక పదంలో తప్పు దొర్లితే రెండో వరుసలో అది ఎప్పుడూ ఇలాగే విచ్చుకుంటుంది: తప్పు ఎంతో అంత, దానికి మైనస్ రెండింతలు, మళ్లీ అంత. −2 ఉన్నది మూడో గడి, దాని నడిమధ్య పైన ఉన్నది నాలుగో పదం 18. తప్పు +1, కాబట్టి అక్కడ 17 ఉండాలి. మూడో వరుసలో అయితే ఆకారం 1, −3, 3, −1. ఇది తెలియనివాళ్లు 18 తర్వాత పదాలన్నిటినీ అనుమానిస్తూ కూర్చుంటారు.

మధ్యలో పదం లేకపోతే ఖాళీకి ఒక పేరు పెట్టి సమీకరణం వేసేయండి. 5, 12, ఖాళీ, 38, 57 అనుకుందాం. తేడాలు 7, ఖాళీ − 12, 38 − ఖాళీ, 19. రెండో వరుస: ఖాళీ − 19, 50 − 2 × ఖాళీ, ఖాళీ − 19. రెండు చివర్లూ ఒకటే వచ్చాయి, సాక్షి అదే. మధ్యదీ వాటితో సమానం కావాలంటే 3 × ఖాళీ = 69, అంటే 23. ఆ చివర్లు వేరువేరుగా వచ్చి ఉంటే రెండో వరుస స్థిరమనే ఊహనే వదిలేయాలి.

సాక్షులు ఎక్కువున్నా మోసం చేసే సందర్భం ఒకటుంది, సంఖ్యల వెనక ఒక బొమ్మో పరిస్థితో ఉన్నప్పుడు. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెంటినీ గీతతో కలిపి, ఏ మూడు గీతలూ లోపల ఒకేచోట కలవకుండా చూసుకుని ముక్కలు లెక్కపెట్టండి. ఒక బిందువుకి 1, తర్వాత 2, 4, 8, 16. ఆరు బిందువులకు 32 అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. వచ్చేది 31. తర్వాత 57, 99, 163, పదో బిందువుకి 256. తేడాల పట్టిక నాలుగో వరుసకి వెళ్తే అన్నీ 1లే. ఉత్త 1, 2, 4, 8, 16 ఇచ్చి తర్వాతది అడిగితే 32 రాయండి, బొమ్మ ఇస్తే లెక్కపెట్టి 31 రాయండి. ఆరు బిందువులూ సమాన దూరంలో పెట్టి గీసి చూసి "నాకు 30 వచ్చింది" అంటారు కొందరు. అప్పుడు మూడు వ్యాసాలు కేంద్రంలో కలిసి ఒక ముక్క మాయమవుతుంది.

రూల్ దొరికాక దాన్ని పడగొట్టే పదం కోసం వెతకండి, బలపరిచేదాని కోసం వద్దు. 1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త 2, 4, 6 అని మూడు సంఖ్యలు ఇచ్చి, వాటి వెనక రూల్ కనుక్కోమన్నాడు. అందుకు ఎవరికి తోచిన మూడేసి సంఖ్యలు వాళ్లు అడిగి చూసుకోవచ్చు. చాలామంది 8, 10, 12 లాంటివే అడిగి, అవునని వినగానే "రెండేసి పెరగాలి" అని తేల్చేశారు. అతని రూల్ "పెరుగుతూ ఉండాలి" అంతే. 1, 2, 50 అని ఎవరైనా అడిగి ఉంటే ఒక్క ప్రశ్నతో బయటపడేది. పరీక్షలో అడిగే వీలుండదు, కానీ మీ రూల్ కట్టడానికి వాడని పదం మీదే దాన్ని సరిచూడొచ్చు. మొదటి మూడు పదాలతో కట్టిన రూల్‌ని మళ్లీ ఆ మూడింటి మీదే వేసి "సరిపోయింది" అనుకోవడం వల్లే ఎక్కువ మార్కులు పోతాయి.

సమయం ఒత్తిడి ఉన్నప్పుడు ఒక సిరీస్‌కి నలభై సెకన్లకు మించి ఇవ్వకండి. నిష్పత్తి, తేడాలు, కారణాంకాలు మూడూ చూసినా ఏమీ కనిపించకపోతే వదిలేసి చివర్లో రండి, అదే దారిలో మళ్లీ మళ్లీ తిరగడం వల్ల కొత్తదేమీ తట్టదు. రెండు రూల్స్ మిగిలితే సాక్షులు ఎక్కువున్నది, సమానమైతే ఆప్షన్లలో ఉన్నది.

ఇంట్లో సాధన చేసేటప్పుడు కీ మీద అనుమానం వస్తే పూర్ణాంక శ్రేణుల ఆన్‌లైన్ విజ్ఞానకోశంలో (OEIS) వెతకండి. గణితవేత్త నీల్ స్లోన్ 1964లో సేకరించడం మొదలుపెట్టాడు, 1996 నుంచి ఇంటర్నెట్‌లో ఉంది, మూడున్నర లక్షలకు పైగా శ్రేణులున్నాయి. పదాలు కామాలతో రాసి వెతికితే సరిపోతుంది. నాలుగు పదాలే వేస్తే వందల ఫలితాలు వస్తాయి కాబట్టి ఆరైనా వేయండి. మొదటి పదం వదిలేసి రెండో దాని నుంచి కూడా ఒకసారి వెతకండి, ఒకే శ్రేణిని కొందరు 0 నుంచి, కొందరు 1 నుంచి మొదలుపెడతారు. 2, 3, 5, 8, 12 వేసి ఒకసారి, 2, 3, 5, 8, 13 వేసి ఒకసారి చూడండి. మీ 12కి కూడా అక్కడ చోటుంది: తేడాలు ఒక్కొక్కటి చొప్పున పెరిగే ఆ 2, 3, 5, 8, 12, 17, 23లో ఒక్కోదాన్నుంచి 1 తీసేస్తే 1, 2, 4, 7, 11, 16, 22, అంటే 0, 1, 2, 3 గీతలతో అలా సమతలాన్ని గరిష్ఠంగా ఎన్ని ముక్కలు చేయొచ్చో చెప్పే లెక్క తేలుతుంది. తీసేది 2 అయితే త్రిభుజ సంఖ్యలు (1, 1+2, 1+2+3 అలా వచ్చే మొత్తాలు): 0, 1, 3, 6, 10, 15, 21.